పొంగే పానకం

పిల్లలూ, శ్రీరామనవమినాడు మీరంతా పానకం తాగే ఉంటారు. బెల్లం, మిరియాలు, ఏలకులు, కాస్త శొంఠి, చల్లని నీళ్ళు. ఇంతే కదా పానకం! ఆ పానకం చెంబులో కాస్త మిగిలిపోయి, ఎవరూ చూడక రెండురోజులు అలాగే ఉండిపోయిందనుకోండి. మూత తీసేసరికి పైన సన్నని నురగ కనిపిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. ఎవరూ అందులో సోడా పోయలేదు. మరి ఈ పొంగు ఎక్కడినుంచి వచ్చింది?

జవాబు మీ వంటింట్లోనే ఉన్నది. కాని దాన్ని పెద్ద ఎత్తున చూడాలంటే నవమి రోజుల్లోనే ఖమ్మంలో బస్సు ఎక్కి భద్రాచలం దాకా నాతో రండి. సుమారు 120 కిలోమీటర్ల దారి. కిటికీ పక్కన కూర్చోండి.

ఖమ్మం దాటగానే కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. ఘాటుకు తుమ్ములు వస్తే అద్దం మూసుకోండి. కొత్తగూడెం చేరేసరికి ఎరుపు పోయి నలుపు వస్తుంది. అది సింగరేణి బొగ్గు ఊరు. ఆ బొగ్గును గుర్తుంచుకోండి, దానితో మనకు తరువాత పని ఉన్నది. అక్కడినుంచి పాల్వంచ. పాల్వంచ పక్కనే కిన్నెరసాని ఏరు, దాని ఆనకట్ట, ఆ వెనుక జింకలూ ఎలుగుబంట్లూ తిరిగే అభయారణ్యం. ఇక దారికి రెండువైపులా టేకు, మద్ది, తునికి, మోదుగ. సారపాక దాటి గోదావరి వంతెన మీదికి రాగానే ఆవలి ఒడ్డున రామాలయ గోపురం. ఇదంతా ఒకప్పుడు ఖమ్మం జిల్లాయే. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అంతకు ముందే, 2014లో, కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గీతలు మారాయి గాని, అడవి మాత్రం గీతలు చూసి పెరగదు. రెండువైపులా అవే చెట్లు, అవే కోయపల్లెలు.

ఆ చెట్లలో మనకు కావలసినది ఇప్పచెట్టు.

ఇప్పచెట్టును చూడాలంటే తెల్లవారుజామునే లేవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని ఆకులు చాలావరకు రాలిపోయి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వేలాడుతుంటాయి. పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి. గబ్బిలాలు ఆ తీపికోసం వచ్చి, ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు చేరవేస్తాయి. తెల్లవారేసరికి పూలు టపటపా రాలిపోతాయి. మనం ఎరిగిన పూవులా రేకులు రేకులుగా ఉండదు ఇది. మీగడరంగులో, లోపల బోలుగా, కండగల చిన్న ముత్యంలా ఉంటుంది. వేళ్ళతో నొక్కితే తియ్యని రసం వస్తుంది. ఎలుగుబంటికి ఇదంటే ప్రాణం. కనుకనే ఏరబోయేవాళ్ళు ఒంటరిగా వెళ్ళరు.

చర్ల వెళ్ళే దారిలో, ఒక పల్లె చివర, గంప పెట్టుకుని పూలు ఏరుతున్న ఒక అవ్వను అడిగాను.

“అవ్వా, ఈ చెట్టు ఎవరిది?”

“మాదే సారూ. మా మామ నాటిసంది మాదే. గా అవతలిది మా మరిదోళ్ళది. ఒకళ్ళ చెట్టు కింద ఇంకొకళ్ళం ఏరం.”

“ఏరిన పూలు గంపలోనే ఉంచేస్తే ఏమవుతుంది?”

అవ్వ నవ్వింది. “బడిపంతులువు, నీకు తెల్వదా? మాపటికే వెచ్చబడి పులుస్తయి. పొద్దు పొడవంగనే బండ మీద ఎండకు పొయ్యాలె. గలగలమని ఎండితే యాడాదైనా ఉంటయి.”

ఈ నాలుగు మాటల్లో మన పాఠమంతా ఉన్నది. కాస్త విప్పి చెబుతాను.

పూవులో ఉండే తీపిమీద, పండు తొక్కమీద, అల్లం పొట్టుమీద ఈస్టు అనే సూక్ష్మజీవి ఉంటుంది. ఒక మిల్లీమీటరు పొడవున్న గీతమీద వంద ఈస్టు కణాలను వరుసగా కూర్చోబెట్టవచ్చు, అంత చిన్నది. తేనెటీగలు, ఈగలు, చీమలు దీన్ని ఒక పూవునుంచి మరో పూవుకు మోసుకుపోతుంటాయి. ఈస్టుకు తీపి, తడి, వెచ్చదనం మూడూ దొరికితే చాలు. చక్కెరను తిని రెండింటిని వదులుతుంది. ఒకటి మద్యసారం. రెండోది బొగ్గుపులుసు వాయువు. మీ పుస్తకంలో దీన్నే కార్బన్ డయాక్సైడు అని రాసి ఉంటారు. కొత్తగూడెంలో చూసిన బొగ్గు గుర్తున్నదా? ఆ బొగ్గులోని కార్బనమే ప్రాణవాయువుతో కలిస్తే ఈ వాయువు అవుతుంది. బొగ్గు మండినా ఇదే వస్తుంది, మీరు ఊపిరి విడిచినా ఇదే వస్తుంది. పానకం చిటచిటలాడేదీ దీనివల్లనే. అవ్వ గంపలోని పూలు వెచ్చబడేది కూడా ఈ సూక్ష్మజీవుల పనివల్లనే.

మరి ఎండిన పూలు ఎందుకు పులియవు? వాటిలో సగానికి పైగా చక్కెరే కదా! తడి లేకపోతే ఈస్టు తినలేదు. మామిడితాండ్ర నిలవ ఉండేది కూడా ఇందుకే. ఎండిన ఇప్పపూలను కోయలు వేయించుకుని తింటారు, ఉడకబెట్టుకుని తింటారు. జొన్నలు నిండుకున్న రోజుల్లో ఎన్నో ఇళ్ళను ఈ పూలే కాపాడాయి. తరువాత వచ్చే గింజలనుంచి ఇప్పనూనె తీస్తారు. అడవి కొట్టి పొలం చేసుకునేటప్పుడు కూడా ఇప్పచెట్టును మాత్రం నరకకుండా వదిలేస్తారు. ఈ మధ్య ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపూలతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. దొరికితే తిని చూడండి, బాగుంటాయి.

ఇప్పపూలతో సారా కూడా కాస్తారు, ఆ సంగతి మీరు ఎలాగూ వింటారు కాబట్టి నేనే చెబుతున్నాను. పండుగలకు, పెళ్ళిళ్ళకు, దేవతలకు పెట్టడానికి అది వారి ఆచారం. దొంగచాటుగా అమ్మకానికి కాచే సారా వేరు. అందులో ఏమి కలుపుతారో చెప్పలేం, దానివల్ల ప్రాణాలు పోయిన ఇళ్ళు ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి కోయలను తాగుబోతులని అనేవాళ్ళ మాట నాకు నచ్చదు.

ఇప్ప కాక ఇక్కడ జీలుగుచెట్టు ఒకటి ఉన్నది. తాటిచెట్టుకు దాయాది. దాని ఆకు చేపతోకలా ఉంటుంది. పండును మాత్రం ముట్టుకోవద్దు, ఒళ్ళంతా దురద పెడుతుంది. పూగెల కోసి కుండ కడితే చుక్కచుక్కగా రసం కారుతుంది. అప్పటికప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులిసి, సాయంకాలానికి ఘాటైన కల్లు అవుతుంది. పాపికొండల వైపు కొండరెడ్లకు కొన్ని నెలలపాటు ఈ రసమే సగం ఆహారం. ఆస్ట్రియా దేశంనుంచి వచ్చిన హైమండార్ఫ్ అనే పండితుడు వారి మధ్య తిరిగి 1945లో ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు.

చెట్టునుంచి కారే ఈ రసం గురించి ఒక యుద్ధం జరిగిందంటే నమ్ముతారా? ఇక్కడికి తూర్పున రంప కొండలున్నాయి. అక్కడి మునసబుదారు చెట్లమీద “చిగురుపన్ను” వేశాడు. దానిమీద ఆనాటి ఇంగ్లీషు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ చట్టం తెచ్చి, కల్లు హక్కును గుత్తదార్లకు పాట పెట్టింది. తన పెరటి చెట్టునుంచి తన ఇంటికోసం రసం దించుకోవాలన్నా కొండవాడు పరాయివాడికి డబ్బు కట్టాలి! ఏటేటా గుత్తదారు అడిగేది పెరిగింది. కట్టలేని వాళ్ళ మేకలను, ఆవులను తోలుకుపోయారు. 1879 మార్చిలో జనం తిరగబడ్డారు. పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. ఆ మంట గొలుగొండ కొండలకూ, ఇటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. పటాలాలను దించి అణచడానికి మరుసటి సంవత్సరం దాకా పట్టింది. చివరకు మునసబుదారును కూడా తొలగించారు. మీరు చదువుకున్న అల్లూరి సీతారామరాజు పోరాటం అవే కొండల్లో 1922లో మొదలయింది. దానికి నలభై మూడేళ్ళ ముందటి కథ ఇది. పాఠ్యపుస్తకంలో దీనికి రెండు వాక్యాలే ఇస్తారు. ఇంకో నాలుగు ఇస్తే బాగుండును.

తాటి నీరా తాగారా ఎప్పుడైనా? నీరా దించేవాళ్ళు కుండ లోపల సున్నం పూస్తారు. సున్నం ఉంటే ఈస్టు పనిచేయలేదు, రసం తియ్యగానే ఉండిపోతుంది. అంటే పులియడాన్ని ఆపే మూడు ఉపాయాలు మీకు తెలిసిపోయినట్టే. ఎండబెట్టడం, సున్నం పూయడం, మూడోది చలువ చేయడం. మూడోదానికి మీ ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది.

ఇక పొంగే పానకం మనమే చేద్దాం. అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకోండి. మన ఈస్టును అల్లం పొట్టునుంచి తెచ్చుకుందాం.

ముందు “తోడు” కావాలి, పెరుగుకు తోడు వేసినట్లే. పొట్టు తీయని అల్లం బాగా కడిగి, సన్నగా తరిగి, రెండు చెంచాలు ఒక గాజు జాడీలో వేయండి. రెండు చెంచాల బెల్లం పొడి, ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు పోసి కలపండి. కుళాయి నీళ్ళు నేరుగా పోయవద్దు. అందులో క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ మన ఈస్టునూ చంపుతుంది. నోటికి పలుచని గుడ్డ కట్టండి. రోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా బెల్లం వేసి కలుపుతూ ఉండండి. మన ఖమ్మం ఎండల్లో రెండు మూడు రోజులకే బుడగలు వస్తాయి. చలికాలంలో వారం పట్టవచ్చు. మంచి వాసన వేయాలి. పైన బూజు కట్టినా, కుళ్ళిన వాసన వచ్చినా మొత్తం పారబోసి జాడీని వేడినీళ్ళతో కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. పైపైన తీసేసి వాడదామనుకోవద్దు.

తోడు తయారైందా? ఇప్పుడు ఒక లీటరు నీళ్ళలో గుప్పెడు సుగంధిపాల వేళ్ళు వేసి పావుగంట మరిగించండి. సుగంధిపాల అడవి అంచుల్లో పాకే సన్నని తీగ. ఆకు మధ్య తెల్లని చార ఉంటుంది. వేరు విరిస్తే కమ్మని వాసన. రాయలసీమలో నన్నారి అనే పేరుతో ఎండాకాలమంతా షర్బత్ తాగుతారు. ఇవి దొరకకపోతే తులసి, నిమ్మగడ్డి, పుదీనా ఏదైనా సరే. గుప్పెడు ఎండు ఇప్పపూలు వేసి మరిగించి వడకట్టినా మంచి వాసన వస్తుంది. ఆ నీళ్ళలో 60 గ్రాముల బెల్లం కరిగించి వడకట్టండి. పూర్తిగా చల్లారాలి, వేడిగా ఉంటే ఈస్టు చచ్చిపోతుంది. చల్లారాక ఒక నిమ్మకాయ పిండి, అర గ్లాసు తోడు వడకట్టి పోయండి. దీన్ని సోడా అమ్మే ప్లాస్టిక్ సీసాలో, పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచి, గట్టిగా బిరడా బిగించండి.

ప్లాస్టిక్ సీసాయే ఎందుకు? ఇక్కడ ఒక లెక్క చేద్దాం, పలక తీసుకోండి. 4 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు ఒక లీటరు వాయువు వస్తుంది. బెల్లమంతా చక్కెరే అనుకుందాం. 60 గ్రాములకు ఎంత? 15 లీటర్లు! లీటరున్నర పట్టే సీసాలో 15 లీటర్ల వాయువు ఇరుక్కుని కూర్చోవాలి. అంగట్లో సోడాలో లీటరు నీటికి నాలుగు లీటర్ల వాయువు ఉంటేనే మూత తీయగానే బుస్సుమంటుంది. గాజు సీసా అయితే బాంబులా పేలి, పెంకులు కళ్ళలోకి దూసుకుపోతాయి. ఇది బెదిరింపు కాదు. గాజు సీసాలో దీన్ని చేయనే వద్దు. ప్లాస్టిక్ సీసాను వేళ్ళతో నొక్కి చూడవచ్చు. మొదట మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో పన్నెండు గంటలకు, లేదా ఒక రోజుకు, రాయిలా గట్టిపడుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడ్డాక మూతను కొంచెం కొంచెంగా తిప్పుతూ గాలి వదిలి తీయండి. ఆ రోజో మరునాడో తాగేయండి.

పెద్దలకు ఒక మాట. వాయువు వచ్చినచోట కొద్దిగా మద్యసారమూ వస్తుంది. ఒక్కరోజు పులిసినదానిలో అది చాలా తక్కువ, కాని బొత్తిగా లేదని చెప్పడం అబద్ధం. రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఫ్రిజ్ మాట, మరునాటి మాట చెప్పాను. పసిపిల్లలకూ, గర్భిణులకూ, మద్యం ముట్టుకోని నియమం ఉన్నవారికీ ఇది వద్దు. అలాంటి ఇళ్ళలో పానకం అప్పటికప్పుడు కలుపుకుని తాగితే ఏమీ లోటు లేదు. భద్రాద్రి రాముడు తాగేదీ అదే. వాయువును మాత్రం ప్రయోగంగా చూడవచ్చు. పొంగుతున్న తోడు సీసా మూతికి బూర తగిలించండి, గంటల్లో ఉబ్బుతుంది. బూర మూతిని వేళ్ళతో నొక్కిపట్టి తీసి, ఆ గాలిని సన్నని గొట్టంతో సున్నపు తేటలోకి వదలండి. తేట పాలలా తెల్లబడుతుంది. బొగ్గుపులుసు వాయువుకు అదే గుర్తు. సున్నపు తేట కళ్ళలో పడకూడదు, కనుక దాన్ని పెద్దలే తీసి ఇవ్వాలి.

ఈ వాయువును నీళ్ళలో కలిపి తాగవచ్చునని మొదట చూపినది జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషువాడు. 1767లో లీడ్స్ నగరంలో అతని ఇంటిపక్కనే బీరు పులియబెట్టే కర్మాగారం ఉండేది. అక్కడి తొట్ల పైన తేలే గాలిలో నీళ్ళను ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి పోసి పోసి, చురుక్కుమనే నీళ్ళు చేశాడు. 1772లో ఆ పద్ధతి వివరిస్తూ చిన్న పుస్తకం వేశాడు. సరిగ్గా నూరేళ్ళకు, 1872లో, హైరం కాడ్ అనే ఇంజనీరు గోలీసోడా సీసాకు హక్కు పొందాడు. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి మూతిని మూసేస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి, బిరడా అక్కరలేదు! అయితే గోలీసోడాలో పులియబెట్టడం లేదు, వాయువును యంత్రంతో ఎక్కిస్తారు.

పూలకోసం, వేళ్ళకోసం మీరే అడవిలోకి పోవద్దు. గన్నేరు, ఉమ్మెత్త పూలు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి, తింటే ప్రాణం తీస్తాయి. తెలియని తీగ వేరూ అంతే. పైగా అవ్వ చెప్పింది విన్నారు కదా, అడవిలో ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లున్నది. 2006 అటవీహక్కుల చట్టం కూడా ఆ పూలమీద, వేళ్ళమీద హక్కు అడవిలో బతికేవాళ్ళదేనని చెబుతున్నది. మనం పది నిమిషాల సరదాకు బస్తా నింపుకుంటే వాళ్ళ ఏడాది గింజలకు గండి కొట్టినట్టే. సంతలో ఎండు ఇప్పపూలు, సుగంధిపాల వేళ్ళు అమ్మకానికి వస్తాయి. బేరమాడకుండా కొనండి. కిన్నెరసాని అభయారణ్యంలో అయితే ఆకు తుంచడం కూడా నేరం. పూలు సులువుగా ఏరడానికి కొందరు చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, అది అడవికి అంటుకుంటుంది. ఇప్పుడిప్పుడే కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కట్టి పూలను నేల తాకకుండా పడుతున్నారు. పూలు శుభ్రంగా ఉంటాయి, మంచి ధర వస్తుంది.

ఇక జాడీలో మిగిలిన తోడు సంగతి. దాన్ని పారబోయకండి. ఫ్రిజ్‌లో పెట్టి వారానికి ఒక చెంచా బెల్లం, ఒక చెంచా అల్లం, కాసిని నీళ్ళు ఇస్తుంటే నెలలతరబడి బతికే ఉంటుంది. ఊరికి వెళ్ళేటప్పుడు ఆ పని ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పగించి వెళ్ళండి.